పై అంతస్తు సలాకలు

దశరథను చెడ్డవాడని ఎవరూ అనలేరు. తాగడు, ఒకరి జోలికి పోడు, ట్రాలీ ఆటో తోలి తెచ్చిన కిరాయి రూపాయి దాచుకోకుండా ఇంట్లో పెడతాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. ఎదుటి మనిషి ఏమడిగినా మొహమాటం గొంతుకు అడ్డం పడుతుంది, కాదనడం చేతకాదు, "కానియ్ తియ్" అనేస్తాడు. ఆయన ఎల్‌బీ నగర్‌లో ఆ మాట అన్న ప్రతిసారీ మస్కట్‌లో ఆయన భార్య అండాలమ్మ కుట్టుమిషను మీద ఇంకో నెల వంగాల్సి వచ్చేది. కొన్ని "కానియ్"లకు నెల సరిపోయేది కాదు.

అండాలమ్మను అందరూ అండాలు అనే పిలుస్తారు. నలభై నాలుగేళ్ళ మనిషి. బక్కపలచగా ఉంటుంది కానీ గొంతు విప్పిందంటే గల్లీ మొగదాకా వినిపిస్తుంది. చౌటుప్పల్ అవతల ఒక పల్లె నుంచి పెళ్ళయి ఎల్‌బీ నగర్‌కు వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపుల వెనక సందులో, ఒక మెట్ల కింద మిషను వేసుకుని ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టింది. "చెయ్యి గింత బిగుతుగ కుట్టినవేంది?" అని ఎవరైనా దబాయిస్తే, "కొలతలిచ్చినంక ఎన్ని దావత్‌లు తిన్నవ్ మేడం?" అని మొహం మీదే అడిగేది. అయినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. రెడీమేడ్ జాకెట్లు వచ్చిపడ్డాక మాత్రం ఆ మెట్ల కింద కూర్చోవడం దండగ అయిపోయింది.

అప్పటికే వాళ్ళకు కర్మన్‌ఘాట్ గుడి వెనక, కాస్త లోపలికి, ఒక కాలనీలో నూరు గజాల జాగ ఉంది. పుట్టింటివాళ్ళు పొలం అమ్మినప్పుడు ఆమెకిచ్చిన వాటాతో కొన్నది. జాగైతే ఉంది, కట్టే దారే లేదు. సరిగ్గా అప్పుడే మస్కట్‌లో, అక్కడి ఆడవాళ్ళు ఒంటినిండా వేసుకునే అబాయాలు కుట్టే దుకాణంలో మనిషి కావాలని తెలిసినావిడ ఒకరు కబురు తెచ్చారు. రెండేళ్ళు కష్టపడి, ఇల్లు లేపి, వచ్చేస్తానని అండాలు బయల్దేరింది. అప్పుడు కూతురు జ్యోతికకు పదమూడేళ్ళు. ఇప్పుడా పిల్ల డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ఆ రెండేళ్ళు అలా సాగిపోయాయి మరి.

ఎందుకు సాగాయంటారా? ఊళ్ళో ఉండి ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఒక రేటు, దేశం కాని దేశంలో ఉండి కట్టించుకునేవాళ్ళకు ఇంకో రేటు. ఈ సంగతి మేస్త్రి చెప్పే లెక్కలో ఉండదు. అడుగుకు ఇంత అని మాట్లాడుకునేటప్పుడు అందరికీ ఒకేలా చెబుతారు, అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. ఇసుక లారీ వస్తే కొలిచి దించుకునే మనిషి ఉండదు. బోరు ఎన్ని అడుగులు దిగిందో పక్కన నిలబడి చూసే మనిషి ఉండదు. గోడ వంకర లేచిందని పోట్లాడి కూలగొట్టించే మనిషి అసలే ఉండదు. లేని మనిషి ప్రతిచోటా జరిమానా కట్టుకుంటూ పోవాలి. పైగా ఆ లేని మనిషి బయటి దేశంలో ఉందని తెలిస్తే, ఇక్కడ ప్రతివాడికీ ఆమె రియాళ్ళ చెట్టు కింద కూర్చుని కొమ్మలు దులుపుకుంటున్నట్టే కనిపిస్తుంది. నలుగురు ఆడవాళ్ళున్న గదిలో, నడుము నొప్పికి వేణ్ణీళ్ళ సీసా పెట్టుకుని పడుకునే అండాలు ఎవరికి కనిపిస్తుంది?

ఇల్లు ఒప్పుకున్న మేస్త్రి అంతయ్య. పని వచ్చినవాడే, మోసగాడని చెప్పలేం. కాకపోతే మనిషిని ఎక్కడ గోకితే మెత్తబడతాడో బాగా తెలుసు. దశరథను మొదటిరోజే "సేటూ" అని పిలిచాడు. ఎల్‌బీ నగర్ దాటి వెళ్తే మహా అయితే చౌటుప్పల్ వెళ్ళే ట్రాలీ ఆటో దశరథ, కర్మన్‌ఘాట్ కాలనీలో రాత్రికి రాత్రి మస్కట్ సేటు అయిపోయాడు.

"సేటూ, దర్వాజ టేకుది పెడదాం. గజలక్ష్మిని చెక్కిస్త. మస్కటోళ్ళ ఇల్లంటే జర తెల్వాలె గదా!"

"కానియ్ తియ్."

స్లాబు వేసిన రోజు పనివాళ్ళు వరసగా నిలబడి, సేటు ఇంటి దావత్ అంటే యాటపోతు తెగాల్సిందే అన్నారు. కానియ్ తియ్ అన్నాడు, ఒకటి కాదు, రెండు తెగాయి. వినాయక చవితికి మండపం పిల్లలు రసీదు బుక్కు పట్టుకొచ్చి, "అన్నా, నీ చందా బాలాపూర్ లడ్డూ లెక్క పేరు రావాలె" అని గోకారు. దానికీ అదే మాట. ఇవన్నీ వీడియో కాల్‌లో చూసి అండాలుకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"ఎవర్నడిగి ఒప్పుకున్నవయ్యా నువ్వు?"

"అందరు మీద పడి అడుగుతుంటే ఎట్ల కాదంట అండాలూ?"

అంతమందికి కానియ్ అన్న మనిషి, భార్య "ఇగ చాలయ్యా, ఒచ్చేస్తా" అన్నప్పుడు మాత్రం ఆ మాట అనలేదు. "జర ఆగు, చూద్దాం" అనేవాడు. ముందు గోడలు లేవనీ అన్నాడు. గోడలు లేచాక స్లాబు అన్నాడు. అండాలు కూడా నిజమే కదా అనుకుని మళ్ళీ దుకాణం ఒప్పందం కాగితాల మీద సంతకం పెట్టేది. ఆ ఇంటిని ఆమె గజాల్లో కొలవడం ఎప్పుడో మానేసింది. రాత్రి పైకప్పు చూస్తూ, గజలక్ష్మి దర్వాజ మూడు నెలలు, పొట్టేళ్ళ దావత్ నెలన్నర అని అనుకుంటూ పడుకునేది.

మస్కట్ గదిలో ఆమె పక్క మంచం కడప నుంచి వచ్చిన ఒకామెది. ఆమె ఊళ్ళో మూడంతస్తులు లేపింది. వాటిలో ఒక్క అంతస్తులో కూడా వరసగా నెల రోజులు పడుకుని ఎరగదు. సెలవు రోజున ఫోన్‌లో ఇంటి ఫోటో తీసి చూపించి, "ఇంగ పైన ఒగటి ఏసి పోతా అక్కా" అనేది. ఆమె జుట్టంతా ఎప్పుడో తెల్లబడింది. ఆ మాట విన్నప్పుడల్లా అండాలు గుండెల్లో రాయి పడేది. ఈసారి సెలవుకు పోతే మళ్ళీ ఈ గది మెట్లెక్కనని ఒట్టు పెట్టుకుని ఫోన్ చేసి చెప్పింది. జ్యోతిక ఫోన్‌లోనే ఏడ్చేసింది. దశరథ "జర రా ముందు, చూద్దాం" అన్నాడు.

రానూపోనూ టికెట్ కొనిచ్చి పంపాడు దుకాణం యజమాని. తిరుగు ప్రయాణం తారీఖు దాటితే ఆ ఉద్యోగం, ఆ వీసా రెండూ పోతాయి. పోతే పోనీ అనుకుని అండాలు దిగింది. ఎయిర్‌పోర్టు బస్సు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో దింపగానే, తండ్రీకూతుళ్ళు ఉండే కిరాయి గదికి పోకుండా, తనకోసం వచ్చిన వాళ్ళిద్దరితో పాటు పెట్టెతో సహా దశరథ ట్రాలీ ఆటో ఎక్కి, "ముందు నా ఇల్లు చూపియ్" అంది.

చూసింది. ముందు గజలక్ష్మి దర్వాజ, పాలిష్ పెట్టి మెరిసిపోతోంది. ఆ దర్వాజ తోసి లోపలికి పోతే నేల లేదు, మట్టీ ఇసుకే. బాత్‌రూమ్‌కు తలుపు లేదు. వంటగదిలో గట్టు లేదు. బయటి గోడలు సిమెంటు పూత లేక ఎర్రగా ఇటుకలు చూపిస్తున్నాయి. మెట్లెక్కి పైకి పోతే, ప్రతి పిల్లర్ నెత్తిన ఇనుప సలాకలు మనిషికంటే ఎత్తుగా నిలబడి ఉన్నాయి. ఒకదానికి దిష్టిబొమ్మ కట్టారు. గాలికి అది తలాడిస్తోంది.

"గివేంది, గింత పొడుగు?" అంది అండాలు.

"పై అంతస్తుకు అక్కా," అన్నాడు వెనకే మెట్లెక్కి వచ్చిన అంతయ్య హుషారుగా. ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. "గిది ఎలివేషన్. ముందర అద్దాలు, కమాన్లు, రాత్రిపూట లైట్లు. నువ్వు ఇంకో రెండేండ్లు పోయొస్తే ఎలివేషన్ అయితది, పై స్లాబు గూడ పడ్తది."

బొమ్మలో ఇల్లు పెళ్ళి మండపంలా వెలిగిపోతోంది. ఇంటిముందు ఒక తెల్లటి కారు, రెండు ఖర్జూరం చెట్లు. వాళ్ళ గల్లీలో ట్రాలీ ఆటో తిరగాలంటేనే రెండుసార్లు వెనక్కి తీయాలి.

"నేను మల్ల పోనని చెప్పిన గదా అంతయ్యా. నీకు చెప్పలేదా ఈయన?"

అంతయ్య దశరథ వైపు చూశాడు. దశరథ వంగి చెప్పులోని ఇసుక దులుపుకోసాగాడు. అప్పుడే అండాలుకు ఏదో తేడా కొట్టింది. కానీ ప్రయాణం బడలికలో ఉంది, జ్యోతిక చెయ్యి పట్టుకుని వదలడం లేదు, ఆ రోజుకు ఊరుకుంది.

ముందు నేల సంగతి తేలుద్దామని మర్నాడు మొగుణ్ణి తీసుకుని టైల్స్ షాపుకు పోయింది. షాపాయన పేరు శ్రీరామమూర్తి, భీమవరం వైపు నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడ్డాడు. వాళ్ళను చూడగానే లేచి కుర్చీలు వేయించాడు. దశరథ అలవాటుగా "మేం మస్కట్‌ల ఉంటం" అనేశాడు. అంతే, మామూలు టైల్స్ చూపించే మనిషిని పక్కకు తప్పించి, ఆయనే స్వయంగా నిగనిగలాడే పలకలు తెచ్చి ముందు పెట్టాడు.

"ఇవి చూడండి మేడం. ఇటాలియన్ ఫినిషండీ. ఫారిన్‌లో ఉండొచ్చినవారు, మీకు నేను చెప్పాలా ఏంటండీ!"

"ఫారిన్‌ల నేను పండుకునే గదిల ఉత్త సిమెంటు నేల సారూ. గిందాక ఒకామె బేరం చేసి పోయింది గదా, ఆమెకు చెప్పిన రేటు నాకు చెప్పు."

"అయ్యబాబోయ్, ఆవిడ ఇక్కడావిడండీ."

"మరి నేను ఎక్కడి దాన్ని? నా జాగ ఇక్కడుంది, నా బిడ్డ ఇక్కడుంది, ఓటు ఇక్కడుంది. నా పైసలకే పాస్‌పోర్టు గావాలా?"

శ్రీరామమూర్తి నవ్వేశాడు. నవ్వుతూనే కాస్త తగ్గించి, దశరథ వైపు తిరిగి, "ఏవంటారు సార్?" అన్నాడు. దశరథ నోరు తెరిచాడు. "కా..." దాకా వచ్చింది. అండాలు బల్ల కింద తొడ మీద గట్టిగా గిల్లింది. మిగతా మాట లోపలికి పోయింది. బయటికొచ్చి చౌరస్తా దాటేదాకా ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది, ఆయన తొడ రుద్దుకుంటూ నడిచాడు. ఆఖరికి ఇంటినిండా షాబాద్ బండలు వేయించింది. చల్లగా ఉంటాయి, చవక. ఆమె పుట్టింటి వాకిట్లోనూ అవే ఉండేవి.

బండలు పరిచిన ఆదివారం నాడు దశరథ తమ్ముడు జగన్ కిరాయి గదికి వచ్చాడు. ప్రైవేటు కంపెనీలో లెక్కలు రాస్తాడు, నెమ్మదస్తుడు. అండాలు లేని ఏడేళ్ళూ జ్యోతిక స్కూలు ఫీజు దగ్గర్నుంచి జ్వరాలదాకా చూసుకున్నది ఆయనా, ఆయన భార్యా. అందుకే ఆయన మాటంటే అండాలుకు గౌరవం. టీ తాగి గ్లాసు కింద పెట్టి, "వదినె, కోపం చెయ్యొద్దు, ఒక మాట" అన్నాడు.

"చెప్పు జగన్."

"దిల్‌సుఖ్‌నగర్‌ల లేడీస్ హాస్టల్ నడిపేటాయన ఉన్నడు. కోచింగ్ పిల్లలకు జాగ సాలుతలేదట. మన కింది పోర్షన్ మొత్తం తీసుకుంటడట. మంచి కిరాయి. ఆ కిరాయితోని, నువ్వు ఇంకో రెండేండ్లు పంపేటి పైసలతోని పై అంతస్తు లేస్తది. ఇగ మీరు పైన దర్జాగ ఉండొచ్చు. యాడైనా ఓనర్లు పైనే ఉంటరు గదా వదినె."

"అప్పటిదాంక వీళ్ళిద్దరు ఏడ ఉంటరు?"

"గీ గదిలనే. అలవాటైన గదే గదా."

అండాలు గది చుట్టూ చూసింది. గదిన్నర ఇల్లు. మంచం మీద జ్యోతిక పుస్తకాలు, మంచం కింద గిన్నెలు. "ఆయనకు చెప్పు, మేం ఇయ్యం అని," అంది. జగన్ అన్న వైపు చూశాడు. దశరథ లేచి నిలబడి కిటికీలోంచి ఏదో చూడటం మొదలుపెట్టాడు. ఆ కిటికీకి అవతల ఉన్నది పక్కింటి గోడ.

"అడ్వాన్స్ తీసుకున్నడు మమ్మీ," అంది జ్యోతిక. "నువ్వు రాకముందు వారమే. హాస్టలాయన ఇంటికొచ్చి అడిగితే, డాడీ కానియ్ అన్నడు."

ఒళ్ళు మండటం, పళ్ళు నూరడం అండాలుకు కొత్త కాదు. కానీ ఈసారి కోపం రాలేదు, ముందు ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని జగన్ వైపు తిరిగింది.

"జగన్, ఒకటి చెప్పు. పై అంతస్తు అయినంక మేం ఆ ఇంట్ల పండుకుంటమా?"

"బరాబర్ వదినె!"

"మల్ల గప్పుడు దాని మీద సలాకలు ఉంటయా, ఉండవా?"

జగన్ తడబడ్డాడు. "అంటే... పెంట్‌హౌస్‌కు ఎవరైనా ఇడుస్తరు..." అని, తన మాటకు తానే ఆగిపోయాడు.

"గదీ సంగతి," అంది అండాలు. గొంతు లేచింది. పక్క గదివాళ్ళ టీవీ ఆగిపోయింది. "గజలక్ష్మికి మూడు నెలలు పెట్టిన. పొట్టేళ్ళకు పెట్టిన, వినాయకునికి పెట్టిన. నా బిడ్డ పెద్దమనిషి అయిన్నాడు దానికి పట్టుచీర కట్టి కుర్చీల కూసోబెడితే, నేను ఫోన్‌ల చూసిన. నెట్ ఆగిపోయి దాని మొహం గిట్ల సగం కనవడ్డది. ఆ దినం మస్కట్‌ల ఎవరిదో పెండ్లి అబాయాకు పూసలు కుట్టుకుంట కూసున్న. గది ఏ లెక్కల రాసినవ్ జగన్? అడుగుకు ఎంత పడ్తది అది?"

దశరథ కిటికీ దగ్గర్నుంచి కదలకుండా, "నాకు కాదనుడు రాదు అండాలూ. నీకు తెల్వదా?" అన్నాడు.

"వస్తది! మంచిగ వస్తది నీకు. మేస్త్రికి కానియ్, హాస్టలోనికి కానియ్, చందా పోరగాళ్ళకు కానియ్. ఏడేండ్ల సంది నాకొక్కదానికే కాదన్నవ్. ఒచ్చేస్తా అన్నప్పుడల్లా జర ఆగు అన్నవ్. ఏమయ్యా, నేనొక్కదాన్నే పరాయిదాన్నా నీకు?"

దశరథ కిటికీ వదిలి ఇటు తిరిగాడు. ఆ మాట ఆయన ఎప్పుడూ అలా లెక్క వేసుకోలేదు. మొహమాటం పరాయివాళ్ళ దగ్గర ఉంటుంది, ఇంటిమనిషి దగ్గర ఏముంటుంది, సర్దుకుంటుంది అనుకున్నాడు. అలా అనుకునే మగవాళ్ళు లోకంలో ఆయనొక్కడే కాదులెండి. కానీ ఆ రోజు ఆయన తలెత్తలేకపోయాడు.

మర్నాడు అండాలు జ్యోతికను వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయి హాస్టల్ ఆయన అడ్వాన్స్ ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన సణిగాడు, మాటంటే మాట అన్నాడు. "మాట ఇచ్చింది ఆయన, ఇల్లు నాది" అని చెప్పి మెట్లు దిగొచ్చింది. వస్తూ వస్తూ తను ఒకప్పుడు కూర్చున్న మెట్ల కిందికి తొంగి చూసింది. అక్కడిప్పుడు ఎవరో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ముహూర్తాలూ శుభలేఖలూ ఏమీ లేకుండా ఆ వారంలోనే కొత్త ఇంట్లో పాలు పొంగించారు. బాత్‌రూమ్‌కు తలుపు బదులు పాత దుప్పటి కట్టారు. బయటి గోడలు ఎర్రగానే ఉన్నాయి. కాలనీ ఆడవాళ్ళు వచ్చి, మస్కట్ నుంచి వచ్చి ఇదేం చేరడమని ముక్కున వేలేసుకున్నారు. "పూత రేపెన్నడన్న పూస్తం, నిద్ర ఇయ్యాల్నే వస్తున్నది" అంది అండాలు. ముందు గదిలో పాత మిషను దించి దుమ్ము దులిపింది. దర్వాజ మీది చెక్కడానికి కొలతల టేపు తగిలించింది. మూడు నెలల దర్వాజ ఏదో ఒక పనికి రావాలి కదా! టేపు చూసి, రెండిళ్ళ అవతలి ఆమె పెళ్ళికి వేసుకునే జాకెట్ గుడ్డ తెచ్చిచ్చింది.

ఇక్కడితో అయిపోయిందని మీరనుకుంటారు. అండాలూ అనుకుంది. కానీ ఆ సలాకలున్నాయే, అవి ఊరుకోలేదు. గల్లీలో ఎదురైన ప్రతివాళ్ళూ తలెత్తి పైకి చూసి, "పైన ఎన్నడు లేపుతున్నరు?" అనే అడిగేవారు. అంతయ్య పొద్దున్నే ఫోన్‌లో ఎలివేషన్ బొమ్మలు పంపేవాడు, ఈసారి కారు ఎర్రది. మస్కట్ నుంచి యజమాని ఫోన్ చేసి, జీతం పెంచుతానని, తారీఖు మర్చిపోవద్దని చెప్పాడు.

ఆ ఫోన్ పెట్టేసి ఆమె బట్టలు ఆరేయడానికి పైకి పోయింది. సలాక నుంచి సలాకకు తాడు కట్టి ఉంది. కూతురి చున్నీ ఆరేస్తూ ఉండగా, పెరిగిన జీతంతో రెండేళ్ళంటే స్లాబు పోను గోడలు కూడా లేస్తాయి కదా అనుకుంది. పైన ఒక పెద్ద కిటికీ తూర్పుకు పెట్టించొచ్చు. ఇంకొక్కసారే కదా. చేతిలో చున్నీ అలాగే ఉండిపోయింది. కడప ఆమె గొంతు తన నోట్లోంచే వస్తున్నట్టు వినిపించింది అండాలుకు. భయమేసింది ఆమెకు, నిజంగా భయమేసింది. అంతయ్యతో, జగన్‌తో, మొగుడితో కొట్లాడగలదు. తనలోనే కూర్చున్న ఈ పోరుతో ఎన్నాళ్ళు కొట్లాడుతుంది? ఈ సలాకలు నిలబడి ఉన్నంతకాలం తనను మస్కట్‌కు తోలుతూనే ఉంటాయని తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం బాత్‌రూమ్‌కు ఇనుప తలుపు బిగించడానికి బాల్‌రాజ్ అనే వెల్డింగ్ మేస్త్రి కోత మిషనుతో వచ్చాడు. తలుపు బిగించి కూలి అడగబోతుంటే అండాలు, "ఇంకో పనుంది, పైకి రా" అంది.

"గివన్ని కోసెయ్. మొదలు దాంక."

బాల్‌రాజ్ సలాకల్నీ, ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "జర వంచాల్నా అక్కా? వంచి సిమెంటు కప్పుతరు కొందరు."

"వంచితే మల్ల లేస్తయి. కోసెయ్."

ఆ మాట గల్లీలో ఎలా పాకిందో గానీ, బాల్‌రాజ్ వైరు తగిలించేలోపు అంతయ్య రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. వెనకే జగన్. దశరథ అప్పటికే అక్కడున్నాడు, ఆరేసిన బట్టలు తీసి చేతిమీద వేసుకుని నిలబడ్డాడు.

"అక్కా, పిచ్చి పట్టిందా నీకు? ఇయ్యాల కోస్తే రేపు లేపాలంటే పిల్లర్లు పగలగొట్టాలె! ఇంటి విలువ సగం పోతది!"

"విలువ పోయేది అమ్మితే గదా అంతయ్యా. అమ్ముతా అన్ననా నేను?"

"కాలనీల పై అంతస్తు లేని ఇల్లు ఇదొక్కటే ఉంటది వదినె," అన్నాడు జగన్ బతిమాలుతున్నట్టుగా. "రేపు జ్యోతిక కోసమన్న ఉంచు."

"జ్యోతికకు అంతస్తు గావాల్నంటే అది కట్టుకుంటది. దానికిప్పుడు తల్లి గావాలె." ఆమె బాల్‌రాజ్ వైపు తిరిగింది. "ఏంది చూస్తున్నవ్? మిషన్ ఎయ్."

బాల్‌రాజ్ మిషను పట్టుకున్నాడు, మీట నొక్కలేదు. పని చెప్పేది ఆడమనిషైనా మాట తీసుకునేది మగమనిషి దగ్గరే అలవాటు. దశరథ వైపు చూశాడు. "అన్నా, తర్వాత నన్ననొద్దు. ఏమంటవ్?"

అందరూ దశరథ వైపే చూశారు. అంతయ్య చూపులో అదే పాత చనువు. సేటు తన మాట తీసేయడన్న ధీమా. ఏడేళ్ళు జ్యోతికను చూసుకున్న తమ్ముడు నోరు తెరిచి అడుగుతున్నాడు. దశరథ మొహంలో ఆ పాత మొహమాటం రానే వచ్చింది, గొంతుకు అడ్డం పడనే పడింది. అండాలు ఈసారి గిల్లలేదు. చేతులు కట్టుకుని, సలాకల పక్కన నిలబడి ఆయననే చూస్తోంది.

దశరథ చేతిమీది బట్టల్లోంచి జ్యోతిక చున్నీ జారిపడింది. వంగి తీసుకున్నాడు. దుమ్ము దులిపి మళ్ళీ చేతిమీద వేసుకున్నాడు. అప్పుడు తమ్ముణ్ణీ, మేస్త్రినీ చూడకుండా, భార్య మొహంలోకి చూస్తూ అన్నాడు.

"కానియ్ తియ్."

మిషను గీపెట్టింది. నిప్పురవ్వలు ఎగిరి స్లాబంతా పడుతున్నాయి. దిష్టిబొమ్మ కట్టిన సలాక ముందుగా ఒరిగింది. అంతయ్య చెవులు మూసుకుని మెట్ల వైపు జరిగాడు, జగన్ అతని వెనకే పోయాడు. కొంగు మీద రవ్వలు పడుతున్నా అండాలు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.